ఒక స్ప్రింగు ఖరీదు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



వేదిక మీద ఉన్న పెద్దలకు, మొదటి వరుసలో కూర్చున్న మా గురువులకు పాదాభివందనాలు. ఆఖరి వరుసల్లో కూర్చున్న మా 1978 బ్యాచి వాళ్లకి ప్రత్యేకంగా నమస్కారం. మీరు అక్కడే ఉంటారని నాకు తెలుసు. అప్పుడూ మనం అక్కడే కూర్చునేవాళ్లం.

సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "అన్నయ్యా, స్వర్ణోత్సవాల్లో నువ్వొక ఇరవై నిమిషాలు మాట్లాడాలి" అన్నాడు. రాంగ్ నంబరేమో అనుకున్నాను. ఈ బడిలో చదివిన డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, అమెరికాలో స్థిరపడ్డవాళ్లున్నారు. నేను పదో తరగతి లెక్కల్లో గట్టెక్కిన మార్కులు గ్రేస్ మార్కులేనని ఇక్కడ కూర్చున్న మా మాస్టారికే బాగా తెలుసు. "తమ్ముడూ, నాకు వచ్చిన విద్య గేరుబాక్సు విప్పడం, బిగించడం. అదేం ఉపన్యాసం?" అన్నాను. "అదే చెప్పు" అన్నాడు. కాబట్టి ఈ ఇరవై నిమిషాలూ మీరు నూనె మరకలు భరించాలి.

నేను పదో తరగతి అయిన వేసవిలోనే బెజవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో చేరాను. మా మేస్త్రి మొదటి రోజు అడిగిన ప్రశ్న, "ఏం చదివావు?" అని కాదు. "ఆకురాయి పట్టడం వచ్చా?" అని. వచ్చు అన్నాను. ఒక ఇనప ముక్క, ఆకురాయి ఇచ్చి బెంచి వైసు చూపించాడు. అయిదు నిమిషాలు నా చేతుల వంక చూసి, "ఎక్కడ నేర్చుకున్నావురా?" అన్నాడు. "మా హైస్కూల్లో క్రాఫ్టు మాస్టారి దగ్గర" అన్నాను. ఆ సాయంత్రమే నన్ను చక్రాలు కడిగే పని నుంచి తప్పించి బెంచి దగ్గరికి మార్చాడు.

చిన్నవాళ్లకి తెలియదు గాని, ఇప్పుడు సైకిలు స్టాండు ఉన్న చోట, వేపచెట్టు పక్కన, మన బడికి ఒక క్రాఫ్టు షెడ్డు ఉండేది. వారానికి రెండు పీరియడ్లు. చాలామందికి అది ఆటల పీరియడ్డు కిందే లెక్క. మాస్టారు మాత్రం లెక్కగానే చెప్పేవారు. ఆకురాయి ముందుకు తోసేటప్పుడే బరువు వెయ్యాలి, వెనక్కి లాగేటప్పుడు వెయ్యకూడదు. కొయ్యడానికి ముందు రెండుసార్లు కొలవాలి. ఊడదీసిన మేకు కూడా నేల మీద పడెయ్యకూడదు, కొబ్బరి చిప్పలో వెయ్యాలి. ఈ మూడు ముక్కల మీదే నేను నలభై ఏళ్లు అన్నం తిన్నాను. మాస్టారు ఇవాళ మన మధ్య లేరు. ఉండి ఉంటే ఈ మాట ఆయన ముందు చెప్పుకునేవాణ్ని.

ఇక గేరుబాక్సు సంగతికి వద్దాం. అసలు అదెందుకు? ఇంజనుకి ఒక గుణం ఉంది. అది నెమ్మదిగా తిరిగేటప్పుడు దానికి బలం ఉండదు. జోరుగా తిరిగితేనే బలం. కారు ఏమో నిలబడ్డ చోటి నుంచి కదలాలి. అందుకని ఇంజను మూడు నాలుగు చుట్లు తిరిగితే వెనక ప్రొపెల్లర్ షాఫ్టు ఒక్క చుట్టు తిరిగేలా మధ్యలో చిన్న పళ్లచక్రం పెద్ద పళ్లచక్రాన్ని తిప్పే ఏర్పాటు చేస్తారు. అది ఫస్టు గేరు. వేగం తగ్గింది, లాగే బలం పెరిగింది. కారు పరుగందుకున్న కొద్దీ ఆ తేడా తగ్గించుకుంటూ పోతాం. టాప్ గేరులో ఇంజను ఒక చుట్టు, షాఫ్టు ఒక చుట్టు. ఇంతే.

కాని తిరుగుతున్న చక్రాన్ని తిరుగుతున్న ఇంకో దానితో కలపడం ఎలా? మన కాలంలో కదిలే ఎర్రబస్సు ఎక్కినవాళ్లు చేతులెత్తండి. చూశారా, డాక్టర్లు కూడా ఎత్తారు! కదిలే బస్సు ఎక్కాలంటే ముందు బస్సుతో పాటు నాలుగు అడుగులు పరిగెత్తి, వేగం కలిపి, అప్పుడు కమ్మీ పట్టుకుంటాం. నిలబడి పట్టుకుంటే చెయ్యి ఊడుతుంది. గేరుబాక్సులో ఆ నాలుగు అడుగులూ పరిగెత్తించే భాగం పేరు సింక్రో. కంచు కోను ఒకటి వెళ్లి గేరుకి రాసుకుని, రెండింటి వేగం కలిపాక, పళ్లు కలుస్తాయి. ఎర్ల్ థాంప్సన్ అనే అమెరికన్ ఇంజనీరు దీన్ని కనిపెడితే 1928లో కాడిలాక్ కార్లలో మొదట పెట్టారు. అంతకు ముందు డ్రైవర్లే క్లచ్చు రెండుసార్లు తొక్కి, చెవితో విని, వేగాలు కలిపేవారు. మన లారీ డ్రైవర్లు ఆ డబుల్ క్లచ్చు విద్యని ఆ తరవాత కూడా చాలా ఏళ్లు నడిపించారు.

నేను ఎక్కువ చేసింది అంబాసిడర్ పెట్టెలే. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారుని హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు బెంగాల్లోని ఉత్తరపాడాలో తయారు చేస్తే అది మన అంబాసిడర్ అయింది. 1950ల చివర మొదలై 2014 దాకా తయారైంది. పాత అంబాసిడర్‌కి నాలుగు గేర్లు. ఫస్టుకి సింక్రో లేదు. కారు పూర్తిగా ఆగకుండా ఫస్టు వేస్తే 'గర్ర్' మని తిట్టేది. గేరు కర్ర నేల మీద కాదు, స్టీరింగు కింద ఎడమ పక్కన ఉండేది. దానివల్ల ముందు సీటు బల్లలాగా ఖాళీగా ఉండి, డ్రైవరు పక్కన ఇద్దరు కూర్చునేవారు. టాక్సీలకి అదొక బేరం.

1986లో మన ఊరి టాక్సీ డ్రైవరు బాబాయి నా షెడ్డుకి వచ్చాడు. నా అంటే మా మేస్త్రిదే. మీలో సగం మంది ఆయన కారులో ఆసుపత్రికో పెళ్లికో వెళ్లినవాళ్లే, పేరు చెప్పక్కర్లేదు. ఆ ముందు ఏడాది పొలం గట్టు మీద జారిపడి ఆయన ఎడమ భుజం విరిగింది. ఎముక అతుక్కుంది గాని చెయ్యి ఛాతీ ఎత్తుకి మించి లేచేది కాదు. స్టీరింగు కింద గేరు వెయ్యాలంటే ప్రతిసారీ చెయ్యి పైకెత్తాలి. ఆయన ముఖం చూస్తే ఆ నొప్పి తెలిసేది. "ఒరే అబ్బాయ్, ఆ కర్రని కిందకి దించగలవా?" అన్నాడు.

"దించొచ్చు గాని ముందు సీట్లో ఒక మనిషి బేరం పోతుంది బాబాయ్" అన్నాను.

"ఒక సీటు పోతే పోయింది లేరా. స్టీరింగు పోకుండా ఉంటే చాలు" అన్నాడు.

ముగ్గురు పిల్లలు, ఆ కారు ఒక్కటే ఆధారం. బజార్లో నేల గేరు సామాను మొత్తం కొనే స్తోమత ఆయనకి లేదు. పైగా పెట్టె కూడా మొరాయిస్తోంది. సెకండు వేస్తే గరగర, న్యూట్రల్లో ఉంటే లోపల కంకర ఆడినట్టు చప్పుడు. క్లచ్చు తొక్కితే ఆ చప్పుడు ఆగిపోతుంది. అంటే కింది షాఫ్టు సూది రోలర్లో, ముందు బేరింగో అరిగాయి. కాబట్టి ఎటూ విప్పాల్సిందే. మా మేస్త్రి ఆ వారం సొంతూళ్లో పెళ్లికి వెళ్తూ, "నువ్వు చెయ్యగలవు, తొందరపడకు" అని నాకు అప్పగించి వెళ్లాడు. నాకు అప్పటికి ఇరవై నాలుగేళ్లు. ఒక్కణ్నే పెట్టె మొత్తం విప్పడం అదే మొదలు.

మా షెడ్డులో కంపెనీ పనిముట్లు లేవు. ఉన్నవన్నీ చేసుకున్నవే. వాటిలో కొన్ని ఇవాళ ఈ సంచిలో తెచ్చాను. చూపిస్తూ చెబుతాను.

ముందు నూనె దింపాలి. నూనె తెల్ల గుడ్డ మీద పోసి ఎండలో చూడాలి. బంగారు రజనులాగా మెరిస్తే సింక్రో కోను అరిగినట్టు. ఇనప పెళుసులు వస్తే పళ్లు విరుగుతున్నట్టు. పెట్టె తెరవక ముందే అది తన జబ్బు చెప్పేస్తుంది. ఆ రోజు బంగారు రజనే వచ్చింది.

తరవాత ఇంజను కింద దుంగ పెట్టి, ప్రొపెల్లర్ షాఫ్టు విప్పి, పెట్టెని వెనక్కి లాగాలి. తిన్నగా లాగాలి. దాని బరువు క్లచ్చు షాఫ్టు మీద వేలాడితే క్లచ్చు ప్లేటు వంకరపోతుంది. మాకు జాకీ బండి లేదు. కారు రెండు వైపులా తలుపులు తీసి, అడ్డంగా గట్టి వాసం వేసి, మోకుతో పెట్టెని కట్టి దించేవాళ్లం. గొయ్యిలో ఒకడు, పైన ఒకడు.

ఇదిగో, ఈ పైపు చూడండి. దీని మూతి ఆరు పలకలుగా ఉంది. షాఫ్టు చివర పెద్ద నట్టు ఉంటుంది. దానికి సరిపడే సాకెట్టు కొనాలంటే మా వారం కూలి. అందుకని మందపాటి నీళ్ల పైపుని కొలిమిలో ఎర్రగా కాల్చి, అదే సైజు పాత నట్టు మీద దిగ్గొట్టి, సుత్తితో ఆరు వైపులా అదిమాం. చల్లారాక నట్టు ఊడబెరికాం. అడ్డంగా ఒక కడ్డీ దూర్చితే స్పానరు. ఉలి పెట్టి నట్టు అంచులు కొట్టేవాళ్లని చాలామందిని చూశాను. అలా కొట్టినవాడికి ఆ ఒక్కసారి పని అయిపోతుంది, తరవాత విప్పేవాడికి నరకం.

ఈ రెండోది బేరింగు లాగే పుల్లరు. మందపాటి ఇనప పట్టీకి మూడు బెజ్జాలు. పక్క రెండు బోల్టులు బేరింగుని పట్టుకుంటాయి, మధ్య బోల్టు షాఫ్టుని తోస్తుంది. దీని బెజ్జాల మధ్య దూరం కొలవడంలో నేను ఒక దారప్పోగు మందం తప్పాను. అందుకని ఇది ఎప్పుడూ కొంచెం పక్కకి లాగేది. క్రాఫ్టు మాస్టారు చూస్తే రెండోసారి ఎందుకు కొలవలేదనేవారు.

ఈ మూడోది వట్టి పైపు ముక్క. కాని దీనికో నీతి ఉంది. కొత్త బేరింగుని షాఫ్టు మీదకి దించేటప్పుడు లోపలి రింగు మీదే దెబ్బ పడాలి. బయటి రింగు మీద కొడితే ఆ దెబ్బ గుండ్ల మీదుగా పోయి, కంటికి కనపడని గుంటలు పడతాయి. నెల తిరక్కుండా బేరింగు ఏడుస్తుంది. అందుకే లోపలి రింగుకి సరిపడే పైపు ముక్క. ఏది బిగువుగా కూర్చోవాలో దాన్నే తోయాలి.

ఇక ఇది. ఇది పార కర్ర. నవ్వకండి. కింది షాఫ్టు మీద నాలుగు పళ్లచక్రాలు ఒకే ముద్దగా ఉంటాయి. లోపల సూదుల్లాంటి రోలర్లు వరసగా పేర్చి ఉంటాయి. షాఫ్టు లాగేస్తే ఆ సూదులన్నీ జలజలా రాలిపోతాయి. మళ్లీ పెట్టేటప్పుడు ఒక్కటి తప్పినా పెట్టె పోయినట్టే. అందుకని షాఫ్టు కన్నా వెంట్రుకవాసి సన్నగా, సరిగ్గా చక్రాల ముద్ద పొడవుకి ఒక దొంగ షాఫ్టు చెయ్యాలి. నేను పాత పార కర్రని చిత్రిక పట్టి, గాజు పెంకుతో గీకి, నూనె పట్టించి చేశాను. అసలు షాఫ్టుని ఒక వైపు నుంచి తడుతూ ఉంటే వెనకాలే ఈ కర్ర లోపలికి వెళ్తుంది. సూదులు దాని మీద కూర్చుంటాయి. ముద్ద మొత్తం మెల్లగా పెట్టె అడుక్కి దిగుతుంది. అప్పుడు పైనున్న మెయిన్ షాఫ్టు వెనక నుంచి, టాప్ షాఫ్టు ముందు నుంచి బయటికి వస్తాయి. బిగించేటప్పుడు సూదుల్ని గట్టి గ్రీజుతో అంటించి, పై షాఫ్టులు కూర్చోబెట్టాక ముద్దని పైకి లేపి, అసలు షాఫ్టుతో ఈ కర్రని బయటికి తోసెయ్యాలి. ఈ కర్ర చేయడానికి నాకు ఒక పూట పట్టింది. ఇది చెయ్యని పెట్టెలు నా చేతిలో లేవు.

సింక్రో హబ్బులో స్ప్రింగులు, గుండ్లు ఉంటాయి. వాటిని మూడు వేళ్లతో నొక్కి పట్టుకుంటే నాలుగోది ఎగిరిపోతుంది. నూనె డబ్బా రేకుని పట్టీగా కోసి, చుట్టూ వేసి, చిన్న బోల్టుతో బిగిస్తే అన్నీ లోపల కూర్చుంటాయి. పట్టీ మీద హబ్బు జారుతూ గొట్టంలోకి దిగిపోతుంది. చక్రాల ముద్ద అటూ ఇటూ ఎంత ఆడుతోందో కొలవడానికి ఫీలరు గేజి లేకపోతే గడ్డం బ్లేడు. బ్లేడు మందం మిల్లీమీటరులో పదో వంతు. వాషరు పక్కన బ్లేడు వదులుగా దూరితే వాషరు మార్చాలి. అది మా షెడ్డు లెక్క.

బాబాయి పెట్టెకి ఇవన్నీ శుభ్రంగా చేశాను. కొత్త సూదులు, కొత్త సింక్రో కోను, కొత్త బేరింగు వేశాను. నేల గేరు కూడా కుదిరింది. ఆ పెట్టెకి బయట రెండు చేతులు ఉంటాయి. ఒకటి ఏ కడ్డీ కావాలో ఎంచుకుంటుంది, రెండోది దాన్ని ముందుకీ వెనక్కీ తోస్తుంది. స్టీరింగు నుంచి వచ్చే పొడుగు కడ్డీలు తీసేశాను. పాత సామాను అంగడిలో ఒక జీపు గేరు కర్ర దొరికింది. దాని గుండుకి గిన్నె లాంటి సాకెట్టు వెల్డింగు చేసి, మందపాటి పట్టీతో పెట్టె మీదే కూర్చోబెట్టాను. కర్రని పక్కకి కదిపితే ఎంపిక, ముందుకీ వెనక్కీ కదిపితే గేరు. కర్ర మెడని బాబాయి తొడ దగ్గరికి వచ్చేలా వంచాను. చెయ్యి ఎత్తక్కర్లేదు. మూడు రోజులు పట్టింది.

ఇప్పుడు అసలు సంగతి. ఇది నేను ఏ సభలోనూ చెప్పలేదు.

గేరు మార్చే కడ్డీలు లోపల మూడుంటాయి. ఒక్కో కడ్డీకి చిన్న గుంటలు, ఆ గుంటలో కూర్చునే ఒక గుండు, గుండుని నొక్కే ఒక స్ప్రింగు. గేరు పడినప్పుడు చేతికి 'టక్' మని తగిలేది అదే. గేరుని గేరులోనే నిలబెట్టడంలో దాని పాత్ర పెద్దది. ఆ స్ప్రింగులు విప్పేటప్పుడు పైన గుడ్డ కప్పి విప్పాలి. మేస్త్రి పదిసార్లు చెప్పాడు. మొదటి రెండింటికి కప్పాను. మూడోదానికి కప్పలేదు. అది నా చెవి పక్కనుంచి ఎగిరి మురిక్కాలవలో పడింది. రాత్రి తొమ్మిదైంది. తెల్లవారుజామున నాలుగింటికి బాబాయికి శివరాత్రి బేరం, శ్రీశైలానికి. నెల రోజుల ముందే ఒప్పుకున్న బేరం. కొట్లన్నీ కట్టేశారు. టార్చి వేసుకుని మురిక్కాలవంతా కెలికాను. దొరకలేదు.

డబ్బాలో పాత స్ప్రింగులున్నాయి. లావు సరిపోయింది ఒకటి దొరికింది. కత్తిరించి, అంచు ఆకురాయితో సాపు చేసి, వేశాను. బిగించి చూస్తే 'టక్' మని పడింది. రాత్రి బందరు రోడ్డు మీద నాలుగు మైళ్లు తిప్పాను. బ్రహ్మాండంగా ఉంది. నాలుగింటికి బాబాయి వచ్చి, కర్ర పట్టుకుని అటూ ఇటూ కదిపి, చిన్న పిల్లాడిలా నవ్వాడు. "భుజం తెలియట్లేదురా" అన్నాడు. స్ప్రింగు సంగతి నేను చెప్పలేదు.

నేను నడిపింది చదును రోడ్డు మీద. చదును మీద ఇంజను కారుని లాగుతుంది. ఘాటు రోడ్డు దిగేటప్పుడు కారే ఇంజనుని తోస్తుంది. పళ్ల మీద ఒత్తిడి ఎదురు తిరుగుతుంది. లాగేటప్పుడు నిలబడ్డ గేరు, ఆపేటప్పుడు నిలబడకపోవచ్చు. శ్రీశైలం నుంచి దోర్నాల వైపు దిగుతుంటే, నల్లమలలో, మలుపులో, సెకండు గేరు ఊడి న్యూట్రల్లోకి దూకింది. కారులో ఆరుగురు, అందులో ఇద్దరు పిల్లలు. బాబాయి బ్రేకు మీద ఆపి, మళ్లీ వేసి, కదిలితే మళ్లీ దూకింది. ఎడం చేత్తో బిగించి పట్టుకోవాలంటే ఆ భుజానికి అంత శక్తి లేదు. వట్టి బ్రేకు మీద ఘాటంతా దిగితే బ్రేకులు కాలి పని చెయ్యవు. ఆ సంగతి ఆయనకి తెలుసు. రోడ్డు పక్కన ఆపి, చక్రాల కింద రాళ్లు పెట్టి, సెకండులో వేసి, భుజం మీది తువ్వాలుతో గేరు కర్రని వెనక్కి, సీటు చట్రానికి కట్టేశాడు. ఘాటంతా ఒక్క సెకండులోనే, ఎద్దుబండిలాగా దింపాడు.

మూడో రోజు షెడ్డుకి వచ్చాడు. తువ్వాలు ఇంకా దానికే కట్టి ఉంది. "ఒరే అబ్బాయ్, నీ గేరు మంచిదే గాని దానికి నిలకడ లేదురా" అన్నాడు. ఎందుకిలా అయిందని అడిగాడు. "అరుగుదల బాబాయ్, చూస్తాను" అన్నాను. అదీ నేను చెప్పిన సమాధానం.

ఆ సాయంత్రం మేస్త్రి ఊరినుంచి వచ్చి పెట్టె విప్పించాడు. నేను కత్తిరించిన స్ప్రింగు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. పక్కన కొట్లోంచి తెచ్చిన కొత్తది పెట్టాడు. చూడ్డానికి పెద్ద తేడా లేదు. వేలితో నొక్కమన్నాడు. నాది మెత్తగా దిగింది. కొత్తది ఎదురు తిరిగింది. దాని ఖరీదు రెండు రూపాయలు కూడా కాదు. మేస్త్రి తిట్టలేదు. ఒకే మాట అన్నాడు. "పనిముట్టు నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో. అది తప్పయితే నీ చెయ్యి నొప్పెడుతుంది. కారులో ఉండిపోయే భాగం మాత్రం నీ ఇష్టం కాదు. అది తప్పయితే నొప్పి ఇంకొకడికి."

ఆ తరవాత నేను పార కర్రలు, రేకు పట్టీలు, పైపు ముక్కలు ఎన్నో చేశాను. కాని లోపల ఉండిపోయే స్ప్రింగు, పిన్ను, వాషరు ఒక్కటి కూడా చేతికొచ్చినట్టు వెయ్యలేదు. దొరక్కపోతే, "రేపు రండి" అన్నాను. కొన్ని బేరాలు పోయాయి. పోనిచ్చాను. పరీక్షకి వెళ్తే ఎత్తు మీదకి ఎక్కించి, దింపి, దిగేటప్పుడు యాక్సిలరేటరు వదిలి చూసేవాణ్ని. మార్పు చేసిన కారైతే ఓనరుకి ఏం తీశానో, ఏం పెట్టానో కాగితం మీద రాసి ఇచ్చేవాణ్ని. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను బండికి మార్పులు చెయ్యడం గురించే. చేతికో కాలికో ఇబ్బంది ఉన్నవాళ్ల కోసం బండి మార్చుకోవాలంటే ఇప్పుడు రవాణా శాఖ అనుమతితో చెయ్యాలి. ఎవరైనా నా కథ విని ఉత్సాహపడితే ముందు ఆ ఆఫీసుకి వెళ్లండి.

బాబాయికి మాత్రం నిజం చెప్పలేదు. కొత్త స్ప్రింగు వేసి, డబ్బులు తీసుకోకుండా పంపించాను. అదే క్షమాపణ అనుకున్నాను. అది క్షమాపణ కాదు, నోరు మూసుకోవడానికి నేను కట్టుకున్న వెల. ఆయన ఆ నేల గేరుతో ఇంకో పదకొండేళ్లు కారు నడిపాడు. పిల్లల పెళ్లిళ్లు చేశాడు. ప్రతి దసరాకీ నాకు స్వీటు పొట్లం తెచ్చేవాడు. ప్రతిసారీ చెబుదామనుకున్నాను. ఆయన పోయి చాలా కాలమైంది.

ఆయన కొడుకు మన 1990 బ్యాచి. ఇదిగో, ఈ హాల్లోనే ఉన్నాడు. మొన్న అతనికి ఫోన్ చేసి, సంగతంతా చెప్పి, "సభలో చెప్పనా తమ్ముడూ, మీకు ఇష్టం లేకపోతే మానేస్తాను" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "తువ్వాలు కథ నాన్న మాకు చాలాసార్లు చెప్పాడన్నయ్యా. నీ తప్పని మాత్రం ఏనాడూ అనలేదు. ఆ రోడ్డే అంత అనేవాడు. చెప్పండి" అన్నాడు. తమ్ముడూ, ఇంతమంది ముందు మీ కుటుంబానికి నేను క్షమాపణ చెబుతున్నాను. ముప్ఫై ఏళ్లు ఆలస్యంగానే అయినా, చెబుతున్నాను.

ఇక చివరగా ఒక మనవి. సంఘం వాళ్లు స్వర్ణోత్సవాల గుర్తుగా బడికి కంప్యూటర్లు, తెర ఇస్తున్నారు. చాలా మంచిది. నా వంతు నేనూ వేశాను. దాంతో పాటు ఒక చిన్న కోరిక. వేపచెట్టు పక్కన నాలుగు రేకులు మళ్లీ వేద్దాం. ఒక బల్ల, ఒక బెంచి వైసు, నాలుగు ఆకురాళ్లు. పక్క గోడకి కోసి లోపల కనపడేలా చేసిన అంబాసిడర్ గేరుబాక్సు ఒకటి నా దగ్గర సిద్ధంగా ఉంది. చేత్తో తిప్పితే పళ్లు ఎలా కలుస్తాయో కనిపిస్తుంది. ఇప్పుడొస్తున్న కరెంటు కార్లలో చాలావాటికి మార్చే గేర్లే లేవు, ఇదెందుకని మీరడగొచ్చు. నిజమే. రేపు ఈ పిల్లల్లో ఎవరూ గేరుబాక్సు విప్పకపోవచ్చు. కాని ఏదో ఒకటి విప్పుతారు. మనిషి గుండె విప్పేవాళ్లుంటారు, బ్యాంకు లెక్కలు విప్పేవాళ్లుంటారు. ఏది విప్పినా కొబ్బరి చిప్ప కావాలి, పైన గుడ్డ కప్పే ఓపిక కావాలి, స్ప్రింగు పోతే "పోయింది" అని చెప్పే ధైర్యం కావాలి. మూడోది నాకు ఇన్నాళ్లకి వచ్చింది. పిల్లలకి ముందే వస్తే బాగుంటుంది.

శని, ఆదివారాల్లో నేను వస్తాను, జీతం అక్కర్లేదు. మగపిల్లలతో పాటు ఆడపిల్లల్నీ పంపండి. ఈ సంచిలో ఉన్న పనిముట్లు ఇక్కడే వదిలి వెళ్తున్నాను. పుల్లరు మాత్రం కొంచెం పక్కకి లాగుతుంది, చూసుకోండి.

సెలవు.